పదిహేడో కరపత్రంలో లేని సోపానం

ఫిబ్రవరి 3

ఆఫీసరు తమ్ముడికి అక్క దీవెనలు.

నీ కరపత్రం చేరింది. "పంటల సాగులో హార్మోనుల వినియోగం, పదిహేడో కరపత్రం" అని పైన పెద్ద అక్షరాలు, దాని కింద మీ సంచాలకుల వారి ఫొటో, ఆ ఫొటో దయతలచి వదిలిన జాగాలో విషయం. ఆయన నవ్వు చూస్తే ఈ ఏటి టమాటాలన్నీ ఆయనే పండించినట్టుంది. నీ పేరు ఎక్కడా లేదేంరా? ఇది మావాడు రాసిందంటే మీ బావ నమ్మలేదు. "మీ తమ్ముడు రాస్తే ఇంత పొట్టిగా ఉండదు" అన్నారు. ఒకే పేరాలో "తద్ద్వారా" మూడుసార్లు వచ్చిందని చూపిస్తే అప్పుడు ఒప్పుకున్నారు.

పూత రాలకుండా కాయ నిలిపే మందు అన్నావు కదా, నాకు కావలసింది సరిగ్గా అదే. నలభై వరుసలూ విరగబూశాయి, చలికి సగం పూత నేల మీదే ఉంది. కరపత్రాన్ని పనిముట్ల గది గోడకి మైదా జిగురుతో అంటించాను. విత్తనాల డిపోలో ఉచితంగా ఇచ్చిన పది గ్రాముల పొట్లం దాని కిందే పెట్టాను. ఇవాళ సాయంత్రమే కొడతాను.

మధ్యాహ్నమే కొట్టేద్దును గానీ, ఒకటే గాలి. తీగ మీద ఆరేసిన మీ బావ చొక్కాలు రెండు ఎగిరి వెళ్లి పక్కనున్న లెక్కల మాస్టారి మొక్కజొన్న చేలో పడ్డాయి. ఆయన అప్పుడే కలుపుమందు కొట్టడం మొదలుపెట్టారట. గాలి లేవగానే పంపు దించేసి, చేతులు కడుక్కుని, చొక్కాలు దులిపి మడతపెట్టి తెచ్చిచ్చారు. "ఈ గాలిలో మందు కొట్టేవాడు పంటకి కాదమ్మా, పక్కవాడికి కొడతాడు" అన్నారు. డెబ్బై రెండేళ్లొచ్చినా చొక్కా మడతలో కోణం తప్పలేదు. నిన్ను అడిగారు. "మనవాడు ఇంకా స్టెప్పులు మింగుతున్నాడా?" అన్నారు. ఇప్పుడు ఫైళ్లు మింగుతున్నాడని చెప్పాను. చాలాసేపు నవ్వారు.

ఒంట్లో ఎలా ఉంది? నీ కడుపునొప్పికి కారణం మీ క్యాంటీనే. సంచాలకుల వారి ఫొటో అక్కడ కూడా పెట్టించు, ఆకలి దానంతటదే పోతుంది.

నీ ఏకైక పాఠకురాలు,
అక్క

---

ఫిబ్రవరి 8

విషయం: పదిహేడో కరపత్రానికి పాఠకురాలు లభించుట – హర్షము వ్యక్తపరచుట – గురించి.
సూచిక: తమరి ఫిబ్రవరి 3వ తేదీ లేఖ.

గౌరవనీయురాలైన అక్కకు,

పై విషయంలో తెలియజేయడమేమనగా, సదరు కరపత్రం నాలుగు వేల ప్రతులు ముద్రించబడినవి. వాటిలో చదవబడినట్టు ధ్రువీకరణ అందిన మొదటి ప్రతి నీది. మిగిలిన ప్రతుల వినియోగంపై ఒక డిపో ఉద్యోగిని విచారించగా, కాగితం మందంగా ఉండి విత్తనాలు పొట్లం కట్టడానికి బహు అనుకూలంగా ఉన్నదని సంతృప్తి వ్యక్తం చేశాడు. ఆ వాక్యాన్ని "క్షేత్రస్థాయిలో విశేష ఆదరణ" అన్న శీర్షిక కింద నమోదు చేశాను.

నువ్వు చదివావని తెలిశాక నాకు కలిగిన గర్వాన్ని ఏ ఫైల్లో పెట్టాలో తెలియలేదు. కాబట్టి పాఠకురాలికి అదనపు సమాచారం ఇస్తున్నాను. మొక్కకు నోరు లేదు, నరాలు లేవు, హాజరుపట్టీ లేదు. అయినా చిగురుకూ వేరుకూ మధ్య ఉత్తర్వులు నడుస్తూనే ఉంటాయి. ఆ ఉత్తర్వులే హార్మోనులు. ఆక్సిన్ చిగురులో పుట్టి కిందికి దిగుతుంది. నీ పొట్లంలో ఉన్నది ఆ జాతిదే. సైటోకైనిన్ వేరులో పుట్టి పైకి వెళుతుంది. జిబ్బరెల్లిన్ కాడలను సాగదీస్తుంది, ద్రాక్ష రైతులు గుత్తులు పొడవు కావడానికి వాడేది దాన్నే. కాయను పండించేది ఇథిలీన్. నీరు కరువైనప్పుడు ఆకుల రంధ్రాలన్నీ మూసేసి ఏ పనీ జరగకుండా చూసేది అబ్సిసిక్ ఆమ్లం. మా కార్యాలయం మొత్తం నడుస్తున్నది దాని పర్యవేక్షణలోనే.

ఇంత విషయాన్ని ఒక్క పేజీలో కుదించడం మాటలు కాదు. కరపత్రం ఒక వైపు మించరాదని మాకు స్థాయీ ఉత్తర్వు ఉంది. నేను కుదించాను. పెద్దసారు "భేష్" అన్నారు. పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఆ మాట ఇది రెండోసారి. మొదటిసారి అన్నది ఫ్యానుతో.

మాస్టారికి నా నమస్కారాలు. స్టెప్పులు మింగడం ఎప్పుడో మానేశానని చెప్పు.

ఇట్లు,
తమ విధేయుడైన తమ్ముడు

---

ఫిబ్రవరి 20

తమ్ముడూ,

విషయం, సూచిక ఏమీ లేవు. మొక్కలు పాడైపోయాయి.

మందు కొట్టిన నాలుగో రోజు నుంచి చిగుళ్లు తిరగడం మొదలుపెట్టాయి. ముందు నీళ్లు చాలలేదేమో అనుకున్నాను. ఇప్పుడు ఆకు ఆకులా లేదు. సన్నగా, పొడుగ్గా, దారప్పోగులా వేలాడుతోంది. కాడలు తాడు మెలివేసినట్టు మెలితిరిగి కిందికి వంగాయి. నిలిచిన నాలుగు కాయలు కోసి చూస్తే లోపల గుజ్జు లేదు, బోలు. మీ బావ ఒక్క మాటా అనలేదు. అదే భయంగా ఉంది. ఆయన తిడితే నేను జవాబు చెప్పేదాన్ని.

ఇది ఏ తెగులు? నీకు తెలియకపోతే తెలిసినవాళ్లని అడుగు. ఒక ఆకు కాగితాల మధ్య పెట్టి పంపుతున్నాను. తొందరగా రాయి.

అక్క

---

ఫిబ్రవరి 24

అక్కకు,

నీ ఉత్తరం అందిన గంటలోపే జవాబు రాస్తున్నాను. మా కార్యాలయంలో ఇది రికార్డు.

ఆకు చూశాను. తెగులు కాదు, పురుగు కాదు. ఇది ఆక్సిన్ జాతి మందు మోతాదు మించి తగిలినప్పుడు కనిపించే లక్షణం. చేలల్లో వెడల్పాకు కలుపును చంపడానికి కొట్టే మందు కూడా ఈ జాతిదే. రవ్వంత తగిలితే మొక్కకు అది ఉత్తర్వు, ఎక్కువ తగిలితే ఉరితీత. మొక్కజొన్న గడ్డిజాతి కాబట్టి తట్టుకుంటుంది. టమాటా తట్టుకోలేదు, గాలికి కొట్టుకొచ్చిన తుంపర చాలు. మీ చుట్టుపక్కల ఈ మధ్య ఎవరైనా కలుపుమందు కొట్టారా? కొట్టి ఉంటే కారణం అదే. నాకు సందేహం లేదు.

రికార్డు పూర్తి కావడం కోసం మాత్రమే అడుగుతున్నాను: నీ పొట్లం మందు ఎలా కలిపావో ఒక వాక్యం రాయి.

ధైర్యంగా ఉండు. బావతో నేను చెప్పానని చెప్పు, తప్పు నీది కాదు.

నీ తమ్ముడు

---

మార్చి 3

తమ్ముడూ,

నీ ఉత్తరం నా నెత్తిన పాలు పోసింది. తప్పు నాది కాదని చదివినప్పుడు మీ బావ ముందు కూర్చుని ఏడ్చాను.

ఆ ఉత్తరం పట్టుకుని నేరుగా నీటి సంఘానికి వెళ్లాను. మా పాతిక కుటుంబాలకీ మోటారు ఒకటే కదా. ఎవరికి ఎన్ని గంటలకు నీళ్లో చూసేది లెక్కల మాస్టారే. ఇత్తడి అంచు గడియారమూ వంతుల పుస్తకమూ పన్నెండేళ్లుగా ఆయన దగ్గరే ఉన్నాయి. ఆయన గడియారం చూసి "అయిపోయింది" అంటే ఎవరూ ఎదురు చెప్పరు. అందరి ముందూ నీ ఉత్తరం చదివాను. "మాస్టారూ, మీరు ఆ రోజు కలుపుమందు కొట్టారా లేదా?" అని అడిగాను.

"కొట్టానమ్మా. రెండు సాళ్లు. గాలి లేచింది, ఆపేశాను" అన్నారు.

"ఆ రెండు సాళ్లే నా నలభై వరుసల్నీ చంపాయి" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ రోజు గాలి ఎటు నుంచి ఎటు వీచిందో ఎవరికైనా గుర్తుందా?" అని అడిగారు. ఎవరికీ గుర్తు లేదు. నాకూ లేదన్నాను. పాలకేంద్రం నడిపే ఆయన "ఇంక గాలిని సాక్ష్యానికి పిలుస్తారా మాస్టారూ!" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

మీ కార్యాలయాన్నే తేల్చి చెప్పమని సంఘం వాళ్లు రాస్తున్నారు. ఆ కాగితం వచ్చాక గడియారం ఎవరి దగ్గర ఉండాలో నిర్ణయిస్తారట. పక్క పంట చంపిన మనిషి నీళ్లు సమంగా పంచుతాడా అని అడిగేవాళ్లు అప్పుడే బయలుదేరారు.

నువ్వడిగిన వాక్యం: కరపత్రంలో ఎలా ఉందో అలాగే. పది గ్రాముల పొట్లం, పది లీటర్ల నీళ్లు, సాయంత్రం గాలి తగ్గాక పూగుత్తుల మీద. ఒక్క అక్షరం మార్చలేదు. నువ్వు రాసిందాన్ని నేను మారుస్తానా?

అక్క

---

మార్చి 7
(ఈ ఉత్తరం పంపబడలేదు.)

అక్కా,

నీ వాక్యం చదివి లేచి రికార్డు గదికి వెళ్లాను. పదిహేడో కరపత్రం చిత్తుప్రతి తీశాను. నా దస్తూరీలో ఇలా ఉంది:

ఒకటి: పొట్లంలోని పది గ్రాముల పొడిని పది లీటర్ల నీటిలో కరిగించవలెను.
రెండు: అలా తయారైన ద్రావణం నుంచి ఇరవై మిల్లీలీటర్లు తీసి, ప్రతి లీటరు మంచినీటికి కలుపవలెను.
మూడు: సాయంత్రం, గాలి లేని సమయంలో, పూగుత్తులపై పిచికారీ చేయవలెను.

రెండో వాక్యం మీద అడ్డగీత ఉంది. ఆ గీత నాది. మూడును రెండుగా దిద్దిన సిరా కూడా నాదే.

ఎందుకు గీశానో గుర్తుంది. సంచాలకుల వారి ఫొటో రెండు సెంటీమీటర్లు పెంచమని కబురొచ్చింది. ఒక పేజీ మించకూడదు. ఒక వాక్యం పోవాలి. సంచాలకుల వారి శుభాకాంక్షలలోంచి ఒక వాక్యం తీయవచ్చు. నేను తీయలేదు. ఈ వాక్యం పొట్లం మీద ఉంటుందిలే అనుకున్నాను. ఇవాళ పొట్లం తెప్పించి చూశాను. దాని మీద "వివరములకు కరపత్రము చూడుడు" అని ఉంది.

నువ్వు కొట్టింది యాభై రెట్లు. మాస్టారి రెండు సాళ్లకూ నీ టమాటాలకూ ఏ సంబంధమూ లేదు. నాలుగు వేల ప్రతులలో మూడు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఎవరికీ హాని చేయలేదు, ఎందుకంటే వాటిని ఎవరూ చదవలేదు. నా మాట మీద నమ్మకంతో అక్షరం మార్చకుండా ఆచరించిన ఒక్క మనిషి పంట మాత్రం పోయింది.

డిపోల్లో మిగిలిన పొట్లాలను "నిల్వల తనిఖీ నిమిత్తం" వెనక్కి తెప్పించాను. ఆ మాట కూడా అబద్ధం కాదు. నాకు అబద్ధం చెప్పడం రాదు అక్కా. నిజాన్ని పేజీలో పట్టేటట్టు కత్తిరించడం వచ్చు.

ఈ ఉత్తరాన్ని రేపు పోస్టు చేస్తాను.

---

మార్చి 12

విషయం: టమాటా పంట నష్టము – నివేదిక జతపరచుట – గురించి.
సూచిక: నీటి సంఘం వారి విజ్ఞప్తి.

అక్కకు,

సంఘానికి మా కార్యాలయం పంపిన నివేదిక నకలు జతపరుస్తున్నాను. ముసాయిదా తయారు చేసే బాధ్యత నాకే అప్పగించబడింది. అందులో ముఖ్య భాగం ఇది: "పరిశీలనకు పంపబడిన ఆకులలోని లక్షణములు, కలుపుమందు తుంపర సోకినప్పుడు కనబడు లక్షణములతో సరిపోలుచున్నవి. ఘటన నాటి గాలి దిశకు సంబంధించి సంఘం వారి లేఖలో ఆధారములు లేవు." ప్రతి పదమూ పరిశీలించి రాసినది. ఏ పదాన్నీ ఎవరూ తప్పు పట్టలేరు.

ఇక్కడ విశేషాలు ఏమీ లేవు. ఫ్యాను బాగు చేయించారు. నా కుర్చీ మార్చారు, పాతది కిర్రుమనేది, కొత్తదీ కిర్రుమంటోంది. కడుపునొప్పికి క్యాంటీన్ కారణం కాదని తేలింది, అక్కడ తినడం మానేసినా తగ్గలేదు.

మాస్టారి విషయంలో సంఘం కఠినంగా వ్యవహరించకుండా ఉంటే బాగుంటుందని నా వ్యక్తిగత అభిప్రాయం. ఆయన వయసును పరిగణనలోకి తీసుకోవాలి.

విధేయుడు,
తమ్ముడు

---

మార్చి 22

తమ్ముడూ,

నీ నివేదిక చదివారు. "సరిపోలుచున్నవి" అంటే ఏమిటని పాలకేంద్రం ఆయన అడిగాడు. "అదే అయినవి అని అర్థం, ఆఫీసు భాషలో" అని ఎవరో చెప్పారు.

నేను మాస్టారు గొడవపడతారనుకున్నాను. పడలేదు. కాగితం అడిగి తీసుకుని రెండుసార్లు చదివారు. "వాడు రాశాడు కదా. నా క్లాసులో వాడొక్కడే లెక్క చేశాక సరి చూసుకునేవాడు. వాడు సరిపోయిందంటే సరిపోయినట్టే. నేనే ఎక్కడో పొరపడ్డాను" అన్నారు. జేబులోంచి గడియారం తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు. వంతుల పుస్తకం మీద ఆ రోజు తేదీ వరకు గీత కొట్టి సంతకం చేసి ఇచ్చారు. గడియారం నా పనిముట్ల గదిలోనే పెట్టారు, నష్టపోయినదాన్ని నేనే కాబట్టి నేను అన్యాయం చేయనట. ఎవరి తర్కమో ఇది. దాని చప్పుడుకి నాకు అక్కడ పని చేయబుద్ధి కావడంలేదు.

మర్నాడు పొద్దున్న ఆయన తన మందు పంపు తెచ్చి నా గుమ్మంలో పెట్టారు. "ఇక కొట్టను తల్లీ. నీ దగ్గరే ఉంచు, నాకు మళ్లీ బుద్ధి పుట్టకుండా" అన్నారు. ఇప్పుడు చేలో కూర్చుని చేత్తో కలుపు తీస్తున్నారు. వంగలేరు కదా, చిన్న పీట వేసుకుని జరుపుకుంటూ, జరుపుకుంటూ. నేను టమాటా మొక్కలు పీకుతుంటే ఆయన అటువైపు తిరిగి కూర్చుంటారు. మా గట్టు మీంచి నడవడం మానేసి చుట్టూ తిరిగి వెళుతున్నారు.

నేను గెలిచాను కదా, మరి నాకెందుకు ముద్ద దిగడంలేదు? నువ్వు ఉత్తరంలో ఆయన మీద కాస్త దయ చూపించావని మీ బావ అన్నారు, "మంచి మనసే మీవాడిది" అన్నారు. ఆయన అంత మాట అనడం నేను వినలేదు ఇన్నేళ్లలో.

అక్క

---

మార్చి 28

అక్కకు,

నీ లేఖ అందింది. బావ అన్న మాటను ఉపసంహరించుకోమని కోరుతున్నాను. కారణములు తర్వాత తెలియజేయబడును.

మాస్టారు చేత్తో కలుపు తీయడం ఆపించు. వేరుతో సహా పీకకపోతే కలుపు మళ్లీ మొలుస్తుందని చెప్పు. లేదా వైద్యులు వద్దన్నారని చెప్పు. ఏదైనా చెప్పు. గడియారం తిరిగి ఆయనకు ఇప్పించేందుకు వీలుందా? "తాత్కాలిక ప్రాతిపదికన" అని ఒక తీర్మానం చేస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. నమూనా తీర్మానం జతపరిచాను, ఐదు ప్రతులు.

నిన్న ఇక్కడ ప్రయోగశాలలో ఒక పెట్టె పచ్చికాయలను ఇథిలీన్‌తో పండించి చూపించారు. ఒక్క మగ్గిన పండు చాలట, దాన్నుంచి వచ్చే వాయువుకు పెట్టె మొత్తం మారిపోతుంది. సందర్శకులు చప్పట్లు కొట్టారు. నేను బయటికి వచ్చేశాను.

తమ్ముడు

---

ఏప్రిల్ 5

తమ్ముడూ,

నీ నమూనా తీర్మానాలు ఐదూ అందాయి. సంఘం వాళ్లకి చూపించలేదు. నీ ధోరణి నాకు అంతుపట్టడంలేదు. నివేదిక రాసిందీ నువ్వే, దాన్ని తిప్పే తీర్మానం రాసిందీ నువ్వేనా? మాస్టారి మీద జాలి ఉంటే నాకు లేదనుకున్నావా? పంట పోయింది నాది. ఒక్కసారైనా పంట గురించి అడిగావా? ప్రతి ఉత్తరంలోనూ ఆయన నడుము గురించే.

సరే, వదిలెయ్. అసలు సంగతి వేరే ఉంది.

మొన్న మాస్టారు కొడవలి అరువు అడగడానికి వచ్చారు. పంపు ఇచ్చి వెళ్లాక గుమ్మం తొక్కడం అదే మొదలు. నేను వెతుకుతుంటే ఆయన పనిముట్ల గదిలో గోడ ముందు నిలబడి నీ కరపత్రం చదువుతున్నారు. చదివి, మళ్లీ చదివి, "ఈ పొట్లంతో ఎన్ని ట్యాంకులు కొట్టావమ్మా?" అని అడిగారు. "ఒక్కటే, పది లీటర్లు" అన్నాను. ఆయన గోడ మీద వేలితో ఏదో రాసుకున్నారు, సున్నాలు. తర్వాత పై జేబులోంచి ఎర్ర పెన్సిల్ తీశారు. అది ఇంకా ఆయన జేబులోనే ఉంటుందిరా. కరపత్రం మీద ఏదో గీసి, కొడవలి తీసుకోకుండానే వెళ్లిపోయారు. "ఏమిటి మాస్టారూ?" అని వెనకనుంచి పిలిస్తే "ఏం లేదమ్మా, అలవాటు" అన్నారు. ఎవరితోనూ ఏమీ అనలేదు. మర్నాడు మళ్లీ పీట వేసుకుని కలుపు తీస్తున్నారు.

నాకేమీ అర్థం కాలేదు. ఒకటో వాక్యానికీ రెండో వాక్యానికీ మధ్య బాణంలాంటి గుర్తు, పక్కన "ఇక్కడ?" అని. అంతే. నా లెక్కల పుస్తకంలో ఆ గుర్తు ఎప్పుడూ పడలేదు, నాకు సరాసరి సున్నాలే పడేవి. నీకేమైనా తెలుస్తుందేమోనని గోడ నుంచి తడిపి ఊడదీసి పంపుతున్నాను. చిరిగిన చోట సంచాలకుల వారి గడ్డం పోయింది. ఏమనుకోకు.

అక్క

---

ఏప్రిల్ 10

విషయం: నేను.

అక్కా,

కరపత్రం అందింది. ఆ బాణం నాకు తెలుసు. ఐదో తరగతి నుంచి పదో తరగతి వరకు నా ప్రతి పుస్తకంలోనూ ఉంది. మింగిన స్టెప్పు దగ్గర ఆయన పెట్టే గుర్తు అది. జవాబు సరైనదైనా పెట్టేవారు. "జవాబు నీకోసం, స్టెప్పు పక్కవాడికోసం" అనేవారు. ఆయనకు నెల రోజులుగా పరువు లేదు, గడియారం లేదు. నిజం చేతికి దొరికిన రోజున దాన్ని సంఘం బల్ల మీద పెట్టలేదు. తన విద్యార్థి పుస్తకంలో పెట్టి, దిద్దుకోవడానికి వదిలేశారు.

మార్చి 7న నీకు రాసి పంపని ఉత్తరాన్ని దీనితో జతచేస్తున్నాను. అందులో అంతా ఉంది. దాన్ని చదివాక ఇది చదువు.

ఇంకొకటి ఉంది, అందులో లేనిది. గాలి దిశకు ఆధారాలు "సంఘం వారి లేఖలో" లేవని నివేదికలో రాశాను. నిజమే, వారి లేఖలో లేవు. నీ ఫిబ్రవరి 3 ఉత్తరంలో ఉన్నాయి. బావ చొక్కాలు నీ తీగ మీంచి ఎగిరి మాస్టారి చేలో పడ్డాయి. అంటే గాలి నీ వైపు నుంచి ఆయన వైపుకు. ఆయన మందు నీ మొక్కల మీదికి రావడానికి వీలే లేదు. నివేదిక రాస్తున్నప్పుడు ఆ ఉత్తరం నా మోచేతి కింద ఉంది. "సంఘం వారి లేఖలో" అన్న మూడు మాటలు చేర్చడానికి నాకు ఒక పూట పట్టింది.

నీ పంట గురించి అడగలేదన్నావు. అడగడానికి నాకు ముఖం లేదు. పంట ఎలా పోయిందో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

కార్యాలయంలో కరపత్రం ఉపసంహరణకు నోట్ పెట్టాను. కారణం అన్న గడిలో నా పేరు రాశాను. పెద్దసారు పిలిచి, "ముద్రణ దోషం అని రాస్తే సరిపోయేది కదయ్యా" అన్నారు. సరిపోదన్నాను. ఆయన నోట్ ఒక పేజీ మించిందని తిప్పి పంపారు. మించినట్టే మళ్లీ పెట్టాను.

ఈ ఉత్తరాన్నీ మార్చి 7 ఉత్తరాన్నీ సంఘంలో అందరి ముందూ చదువు. ఏ వాక్యమూ తీసేయకు.

తమ్ముడు

---

ఏప్రిల్ 19

తమ్ముడూ,

రెండు ఉత్తరాలూ చదివాను. ముందు నాలో నేను, తర్వాత మీ బావకి, నిన్న సంఘంలో. యాభై రెట్లు అన్నచోట పాలకేంద్రం ఆయన లేచి బయటికి వెళ్లాడు. మీ బావ తల దించుకుని కూర్చున్నారు. నీమీద నాకెంత కోపంగా ఉందో రాద్దామని మూడు కాగితాలు పాడుచేశాను. నలభై వరుసలు నా చేత్తో పీకాను. ఒక పెద్దాయన్ని నలుగురిలో నిలబెట్టి నా నోటితో అడిగాను. నీ అక్షరం పట్టుకునే కదరా అడిగాను.

చదవడం అయ్యాక నేను గడియారం తీసుకెళ్లి మాస్టారి ముందు పెట్టాను. ఆయన ముట్టుకోలేదు. నీ ఉత్తరం అడిగి తీసుకుని చివరి పేజీ చూశారు. "చదివి వినిపించమని రాశాడు. తనే వచ్చి చదువుతానని ఎక్కడైనా ఉందేమోనని చూస్తున్నాను" అన్నారు.

లేదని చెప్పాను.

ఎర్ర పెన్సిల్ తీసి, నీ చివరి వాక్యానికీ సంతకానికీ మధ్య బాణం పెట్టారు. ఆ కాగితం ఇందులోనే ఉంది, చూసుకో. గడియారం వెనక్కి జరిపి, "అది వాడొచ్చి ఇస్తే తీసుకుంటాను. అందాకా నీళ్లు నువ్వే వదులు తల్లీ" అని లేచి వెళ్లిపోయారు. గట్టు మీంచి కాదు, చుట్టూ తిరిగే.

చుట్టూ తిరిగి ఎందుకు వెళ్లారో నాకు తెలుసు. ఒక లెక్క నా దగ్గర కూడా ఉంది. సంఘంలో ఆయన గాలి సంగతి అడిగినప్పుడు నాకు చొక్కాలు గుర్తొచ్చాయి. అప్పుడే, అక్కడే. మడతపెట్టి తెచ్చిచ్చిన ఆయనే ఎదురుగా నిలబడి అడుగుతుంటే గుర్తు రాకుండా ఎలా ఉంటుంది? "గుర్తు లేదు" అన్నాను. తప్పు నాది కాదని నువ్వు రాసిన కాగితం చేతిలో ఉంది, దాన్ని పోగొట్టుకోవడం ఇష్టంలేకపోయింది. ఆయనకీ గుర్తుంది తమ్ముడూ. నా చేతికే కదా ఇచ్చారు. నన్ను గుర్తు చేసుకోనివ్వడానికే అడిగారు. నేను లేదన్నాక మళ్లీ అడగలేదు. నిన్న కూడా నీ ఉత్తరంలో చొక్కాల మాట చదివేసరికి అందరూ నీ గురించే అనుకున్నారు. ఆయనొక్కరే నా వైపు చూశారు. నేను తర్వాతి వాక్యానికి వెళ్లిపోయాను.

ఆదివారం సంఘం మళ్లీ కూర్చుంటుంది. పొద్దున్న బస్సు దిగితే నడిచి వచ్చేయొచ్చు. నువ్వు నీది చదువు. నీ తర్వాత నేను లేచి నాది చెబుతాను. ముందు నేను లేవలేను, ప్రయత్నించాను.

ఆ చొక్కాలు రెండూ ఉతికి, ఆయన మడతపెట్టినట్టే మడతపెట్టి బల్ల మీద ఉంచాను. గడియారం పక్కన.

అక్క